ఆప్తులు దూరమైన ఇంట్లో క్రైస్తవ ఆదరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరింట్లో మరణం జరిగినా మా సంఘం నుంచి నలుగురం కలిసి వెళ్తాం. కుటుంబాలు మారినా సందేహాలు మాత్రం దాదాపు ఇవే. చాలామంది పాస్టరు గారిని అడగడానికి మొహమాటపడి, మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపుతూ గొంతు తగ్గించి అడుగుతారు. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. దుఃఖంలో ఉన్నవాళ్ళకి పేజీ మొత్తం చదివే ఓపిక ఉండదు. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా రాశాను, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి.

## మొదటి రోజులు

"ఏడవకండి, ఆయన ప్రభువు దగ్గర ఉన్నారు" అంటున్నారు అందరూ. ఏడిస్తే అవిశ్వాసమా?

కాదు. ఈ ఒక్క మాట ప్రతి ఇంట్లో గట్టిగా చెప్పాలని ఉంటుంది నాకు. లాజరును తానే లేపబోతున్నానని యేసుకి తెలుసు. అయినా లాజరు తోబుట్టువు మరియ ఏడుపు చూసి, ఆమె వెంట వచ్చినవాళ్ళ ఏడుపు చూసి "యేసు కన్నీళ్లు విడిచెను" (యోహాను 11:35). కాసేపట్లో బతకబోయే స్నేహితుడి కోసమే ఆయన ఏడిస్తే, మనం ఏడవడంలో తప్పేముంది? అబ్రాహాము శారా కోసం ఏడ్చాడు. యోసేపు తండ్రి ముఖం మీద పడి ఏడ్చాడు. ఆది సంఘంలో స్తెఫనును సమాధి చేసినవాళ్ళు భక్తిపరులేనని, వాళ్ళు బహుగా ప్రలాపించారని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఉంది. "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడవద్దన్నాడు పౌలు (1 థెస్సలొనీకయులకు 4:13). దుఃఖపడనే వద్దని ఎక్కడా అనలేదు. మీ ఏడుపు ఆపడానికి వాక్యం ఎత్తేవాళ్ళు ఆ వాక్యాన్ని సగంలో వదిలేస్తున్నారు.

నాకు అసలు కన్నీళ్ళే రావట్లేదు. నాలో ప్రేమ లేదంటారా?

ప్రేమ లేక కాదు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు మనసు మొద్దుబారిపోతుంది. షామియానా, కుర్చీలు, వచ్చేవాళ్ళ భోజనాలు చూసుకునే బాధ్యత పడినవాళ్ళకి చాలా సార్లు ఏడుపు వారాల తర్వాత వస్తుంది. ఏ చొక్కా మడత పెడుతూనో, ఏ ఫోన్ నంబరు చూసో ఒక్కసారిగా పొంగుకొస్తుంది. అప్పుడు ఆపుకోకండి.

అమ్మ పోయినప్పుడు నేను దుబాయ్‌లో ఉన్నాను. భూస్థాపన ఫోన్‌లో చూశాను. పిడికెడు మన్ను కూడా వెయ్యలేకపోయాను. ఈ బాధ తీరేదెలా?

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్ళు చాలామంది ఈ బాధ మోస్తున్నారు. 2020, 2021 కరోనా రోజుల్లో పక్క ఊళ్ళో ఉన్నవాళ్ళకి కూడా ఇదే జరిగింది. కడచూపు దక్కకపోవడం నిజంగా నష్టమే, దాన్ని చిన్నది చేసి మాట్లాడను. కానీ అమ్మ మీద మీ ప్రేమకి ఆ ఒక్క రోజే కొలత కాదు. సెలవు దొరికి ఊరికి వచ్చినప్పుడు పాస్టరు గారికి ముందే చెప్పి, సమాధి దగ్గర ఇంటివాళ్ళతో కలిసి చిన్న ప్రార్థన పెట్టించుకోండి. అమ్మకి ఇష్టమైన కీర్తన పాడండి. ఆ రోజు వెయ్యలేని మన్ను ఇప్పుడు వెయ్యండి. ఆలస్యమైందని సిగ్గుపడక్కర్లేదు. ఈలోగా మీరున్న చోట తెలుగు సంఘం ఉంటే విషయం తప్పకుండా చెప్పండి. క్యాంపు గదిలో ఒంటరిగా ఏడవడం వేరు, పక్కన ఒక తెలుగు మనిషి కూర్చుని ఉండగా ఏడవడం వేరు.

మా బంధువుల్లో సగం మంది హిందువులు. పెద్దకర్మ చెయ్యాలంటున్నారు. ఏం చెయ్యాలి?

ముందు ఒక మాట: శవం దగ్గర గొడవ పెట్టుకోకండి. చనిపోయినవారు విశ్వాసి అయితే భూస్థాపన, కూడికలు సంఘ పద్ధతిలో జరుగుతాయని ఇంటి పెద్ద ఒకరు బంధువులకి ముందే, మర్యాదగా చెప్పాలి. వాళ్ళు వస్తారు, ఏడుస్తారు, భోజనానికి కూర్చుంటారు. అందులో మనకి అభ్యంతరం ఉండనక్కర్లేదు.

చనిపోయింది హిందువైన తండ్రి, మీరొక్కరే విశ్వాసి అయితే ఇంకా కష్టం. పాడె మొయ్యండి. ఖర్చులో మీ వాటా కంటే ఎక్కువే పెట్టండి. అమ్మ పక్కన పదకొండు రోజులూ ఉండండి. పిండం పెట్టడం లాంటి పూజాకార్యాలు మీ మనస్సాక్షికి అడ్డొస్తే "అన్నయ్యా, అది నువ్వు చెయ్యి, మిగతావన్నీ నేను చూసుకుంటా" అని ముందు రోజే చెప్పండి. తండ్రికి భుజం పట్టడం విగ్రహారాధన అని నేననుకోను. అందరి ముందు తండ్రిని వదిలేసి పోయిన కొడుకు చెప్పే సువార్త మాత్రం ఆ ఇంట్లో ఎవరూ వినరు.

ఊళ్ళో సమాధుల స్థలం లేక దహనం చేశాం. ఆయనకి పునరుత్థానం ఉంటుందా?

ఉంటుంది. పునరుత్థానం దేవుని శక్తి మీద ఆధారపడింది, శరీరం ఎలా భద్రపరిచారన్న దాని మీద కాదు. మంటల్లో కాలిపోయిన హతసాక్షులున్నారు, ఓడ మునిగి పోయినవాళ్ళున్నారు. సముద్రం తనలోని మృతులను అప్పగించిందని ప్రకటన 20:13 చెబుతుంది. మన్నులో పెట్టిన దేహం కూడా చివరికి మన్నే అవుతుంది. కతోలికులకైతే 1963 నుంచి దహనానికి అనుమతి ఉంది. అస్థికలను చల్లకుండా, ఇంట్లో పెట్టుకోకుండా పవిత్ర స్థలంలో ఉంచాలని 2016లో రోము నుంచి సూచన వచ్చింది.

మా ఆయన పోయాక గాజులు తియ్యాలని అత్తగారు పట్టుబడుతున్నారు. శుభకార్యాలకి ముందు రావద్దంటున్నారు.

బైబిల్లో దీనికి ఆధారం ఒక్కటి కూడా లేదు. విధవరాలిని బాధపెట్టొద్దన్న ఆజ్ఞ మాత్రం ఉంది (నిర్గమకాండము 22:22). పెళ్ళయిన ఏడేళ్ళకే భర్తను పోగొట్టుకున్న అన్న అనే ప్రవక్త్రి, దేవాలయంలో శిశువైన యేసును చూసి అందరికీ ఆయన గురించి చెప్పింది. ఆమె ఎదురొస్తే అశుభమని లూకా రాయలేదు. మీ గాజులు మీ ఇష్టం. వేసుకోవాలనిపించకపోతే తీసెయ్యండి, ఎవరో లాగితే మాత్రం ఒప్పుకోకండి. సంఘంలోని స్త్రీల సమాజం వాళ్ళని ఆ రోజు మీ పక్కన కూర్చోమని అడగండి. అడగకముందే వచ్చి కూర్చోవడం వాళ్ళ బాధ్యత.

## ఇల్లు ఖాళీ అయ్యాక

మోకరిస్తే మాట రావట్లేదు. ప్రార్థన చెయ్యలేకపోతున్నాను.

మాటలు లేని ప్రార్థన కూడా ప్రార్థనే. మనం ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆత్మే మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని రోమీయులకు 8:26. "ప్రభువా" అని ఒక్కమాట అని ఊరుకోండి. లేదా పరలోక ప్రార్థన చెప్పండి, అది రెండు నిమిషాలు కూడా పట్టదు. అదీ కాకపోతే మీ కోసం ప్రార్థన చెయ్యమని ఎవరికైనా ఫోన్ చెయ్యండి. పక్షవాయువు వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దించితే, యేసు "వారి విశ్వాసము" చూశాడని మార్కు రాశాడు. కొన్నాళ్ళు మిమ్మల్ని మోసే పని మాకు వదిలెయ్యండి.

చర్చికి వెళ్ళబుద్ధి కావట్లేదు. వెళ్తే అందరూ జాలిగా చూస్తారు.

మా దగ్గర మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. భార్య పోయిన ఒక పెద్దాయన, ఆమె కూర్చునే స్తంభం వైపు చూడలేక ఆరాధనకి వచ్చి కూడా లోపలికి రాలేదు. చెప్పులు విడిచే చోట మెట్టు మీదే కూర్చునేవారు. లోపలికి రమ్మని ఎవరూ బలవంతపెట్టలేదు. రెండో వారం ఒక సంఘ పెద్ద తన బైబిల్ తీసుకుని బయటికి వెళ్ళి అదే మెట్టు మీద పక్కన కూర్చున్నారు, ఏమీ మాట్లాడలేదు. ప్రభువు బల్ల ఆదివారం పాస్టరు గారు రొట్టె, ద్రాక్షారసం మెట్టు దగ్గరికే తెచ్చి ఇద్దరికీ ఇచ్చారు. చాలా నెలల తర్వాత ఆ పెద్దాయన తనంతట తానే లోపలికొచ్చి కూర్చున్నారు.

కాబట్టి మీకు వీలైనంత దూరం రండి. వెనక వరస, వరండా, చివరి పాట, ఏదైనా సరే. పూర్తిగా మానెయ్యడం మాత్రం మంచిది కాదు. ఇంట్లో ఒంటరితనం రోజురోజుకీ గట్టిపడుతుంది.

బైబిల్లో ఎక్కడ చదవాలి?

కీర్తనలు. అందులోనూ స్తుతి కీర్తనల కంటే ముందు మొర కీర్తనలు చదవండి: 13, 42, 77, 88. వాటిలో 88వ కీర్తన నాకు చాలా ముఖ్యం. మిగతావి ఎంత బాధతో మొదలైనా చివరికి ఏదో ఆశ దగ్గరికి వస్తాయి, ఇది మాత్రం "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని చీకట్లోనే ఆగిపోతుంది. అలాంటి ప్రార్థనని కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచుకున్నాడు. ఆ తర్వాత 34వ కీర్తన: "విరిగిన హృదయముగలవారికి యెహోవా ఆసన్నుడు." చదవడం రానివాళ్ళకి మనవడో మనవరాలో రోజుకొక కీర్తన చదివి వినిపిస్తే చాలు. ఒక్క పూటలో పది అధ్యాయాలు చదవాలని పెట్టుకోకండి, దుఃఖంలో బుర్రకి ఎక్కదు.

నిద్ర లేదు, తిండి సహించట్లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టా?

ఏలీయా కథ చూడండి (1 రాజులు 19). "నా ప్రాణం తీసుకో" అని చెట్టు కింద పడుకున్న ప్రవక్తకి దేవుడు ముందు ప్రసంగం చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు. దూతతో రొట్టె, నీళ్ళు పంపించాడు. మళ్ళీ నిద్రపోనిచ్చి, మళ్ళీ తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాతే. శరీరాన్ని చూసుకోవడం దేవుడు మొదలుపెట్టిన చోటే మొదలుపెట్టడం. లూకా కూడా వైద్యుడే.

వారాలు గడిచినా నిద్ర పట్టకపోయినా, రోజువారీ పనులు ఆగిపోయినా డాక్టర్‌ని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. పక్కనున్నవాళ్ళకి వెంటనే చెప్పండి, 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ టెలి మానస్ లైను, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

## ప్రశ్నలు మొదలయ్యాక

ఉపవాసం ఉండి ప్రార్థించాం, నూనె రాశాం. అయినా పోయారు. మా విశ్వాసం చాలలేదా?

ఈ మాట మీతో ఎవరైనా అని ఉంటే, వాళ్ళ తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను. స్వస్థత కూటాల్లో తేలిగ్గా అనేసే ఈ మాట ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి గుచ్చుకుంటూ ఉంటుంది. పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, తియ్యలేదు. పౌలుకి విశ్వాసం తక్కువా? యేసు కూడా గెత్సేమనేలో గిన్నె తొలగించమని అడిగాడు. గుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి చచ్చిన 18 మంది యెరూషలేములో మిగతావాళ్ళ కంటే పెద్ద పాపులు కారని కూడా ఆయనే చెప్పాడు (లూకా 13). మీవారు ఎందుకు పోయారో నాకు తెలియదు. మీ విశ్వాసం కొలత తగ్గి పోలేదని మాత్రం ధైర్యంగా చెప్పగలను.

దేవుడి మీద కోపం వస్తోంది. ఇది పాపమా?

ఆ కోపాన్ని దేవుడితోనే చెప్పండి. "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అని లాజరు చనిపోయినప్పుడు అతని తోబుట్టువు మార్త అంది, మరియ కూడా అదే మాట అంది. అది నిష్ఠూరమే. యేసు వాళ్ళని గద్దించలేదు. భర్తనీ ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకున్న నయోమి తనను మారా (అంటే చేదు) అని పిలవమంది, సర్వశక్తుడు తనకి చాలా దుఃఖం కలిగించాడని ఊరందరి ముందు చెప్పింది. యోబు పుట్టిన రోజునే శపించుకున్నాడు. చివరికి దేవుడు కోప్పడింది ఎవరి మీద? తనని వెనకేసుకొచ్చి యోబుకి పాఠాలు చెప్పిన స్నేహితుల మీద. సిలువ మీద యేసే "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని కేక వేశాడు. ఆ కేక వినిపించిన చెవికే మీ మాట కూడా చేరుతుంది.

మా అబ్బాయి ఆత్మహత్య చేసుకున్నాడు. నరకానికి వెళ్ళాడంటున్నారు. సమాధికి చోటు ఇవ్వడానికి కూడా పెద్దలు వెనకాడారు.

అమ్మా, నాన్నా, మీ బిడ్డ గమ్యాన్ని నిర్ణయించే అధికారం ఏ పెద్దకీ లేదు. ఆత్మహత్య చేసుకున్నవాళ్ళంతా నరకానికే అనే వచనం బైబిల్లో లేదు. సౌలు రాజు తన కత్తి మీద పడి చనిపోతే దావీదు అతని కోసం విలాపగీతం పాడాడు. దావీదు దగ్గర ఆలోచనకర్తగా ఉన్న అహీతోపెలు ఉరివేసుకున్నాడు, అతణ్ణి తండ్రి సమాధిలోనే పెట్టారని 2 సమూయేలు 17:23లో ఉంది. తన ప్రాణం తాను తీసుకోవడం తప్పే. కానీ మనసు జబ్బుపడినప్పుడు మనిషి పూర్తిగా తన వశంలో ఉండడు. తీవ్రమైన మానసిక వేదన ఆ బాధ్యతను తగ్గిస్తుందని, వారి నిత్యరక్షణ గురించి నిరాశపడకూడదని కతోలిక సత్యోపదేశం కూడా చెబుతోంది. మరణమైనా జీవమైనా దేవుని ప్రేమ నుంచి మనల్ని ఎడబాపలేవని రోమీయులకు 8:38, 39. మీరు ముందే గమనించాల్సిందని మిమ్మల్ని మీరు నిందించుకుంటూ ఉంటారు. ఆ నింద ఒంటరిగా మొయ్యకండి, నమ్మకమైనవాళ్ళ దగ్గర నోరు తెరిచి చెప్పండి.

కడుపులోనే బిడ్డ పోయింది. "మళ్ళీ పుడతారులే" అంటున్నారు. పేరు కూడా పెట్టలేదు.

మళ్ళీ పుట్టే బిడ్డ వేరే బిడ్డ. ఈ బిడ్డ కోసం ఏడ్చే హక్కు మీకుంది. పేరు పెట్టాలనిపిస్తే పెట్టండి, ఇంట్లో ప్రార్థన పెట్టించుకోండి. దావీదు తన పసిబిడ్డ పోయినప్పుడు "నేనే వాడి దగ్గరికి వెళ్తాను, వాడు నా దగ్గరికి తిరిగి రాడు" అన్నాడు. ఆ మాట పట్టుకుని నెమ్మది పొందిన తల్లులు ఎందరో ఉన్నారు. తండ్రిని కూడా మర్చిపోకండి, అతణ్ణి ఎలా ఉన్నావని అడిగేవాళ్ళు తక్కువ.

నాన్న బాప్తిస్మం తీసుకోలేదు. ఆయన ఎక్కడున్నట్టు?

మన చేతిలో లేని తీర్పు అది. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అని అబ్రాహాము అడిగిన ప్రశ్న మీద ఆనుకోండి. సిలువ మీది దొంగకి బాప్తిస్మం లేదు, ఆఖరి గడియలో ఒక్క మనవి మాత్రం ఉంది. మీ నాన్న ఆఖరి గడియలో ఏం జరిగిందో మీకూ నాకూ కనిపించదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్ళ దగ్గర ఎక్కువసేపు కూర్చోకండి.

చనిపోయినవారి కోసం ప్రార్థన చెయ్యొచ్చా?

సంఘాన్ని బట్టి ఉంటుంది. కతోలికులు చేస్తారు. పూజలో పేరు చెప్పిస్తారు, నవంబర్ 2న సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థిస్తారు. బాప్టిస్టు, లూథరన్, పెంతెకోస్తు సంఘాల్లో చాలావరకు చనిపోయినవారి కోసం కాక, వారి జీవితానికి కృతజ్ఞతగా, మిగిలినవారి ఆదరణ కోసం ప్రార్థిస్తారు. ఒకే ఇంట్లో రెండు సంఘాలవాళ్ళు ఉంటే దీని మీద వాదన వద్దు. సమాధి దగ్గర ఇద్దరూ కలిసి నిలబడండి.

## సంవత్సరం తిరిగేలోగా, తిరిగాక

క్రిస్మస్ వస్తోంది. ఈ ఏడాది స్టార్ కట్టొచ్చా? కొత్త బట్టలు కొనొచ్చా?

కట్టొచ్చు, మానొచ్చు. పండగ చేసుకోకూడదన్న నియమం బైబిల్లో లేదు, చేసుకుని తీరాలనీ లేదు. పిల్లలున్న ఇంట్లో మాత్రం స్టార్ కట్టమని నేను చెబుతాను. నాన్న లేని ఇంట్లో దీపం కూడా లేకపోతే పిల్లలకి అది రెండో దెబ్బ. పిండివంటలు చెయ్యలేకపోతే సంఘంలో ఎవరో ఒకరు తెచ్చిస్తారు. కేరల్స్‌కి వచ్చేవాళ్ళు ఆ ఇల్లు దాటేసి పోకండి. అడిగి, ఒప్పుకుంటే మెల్లగా ఒక్క పాట పాడి వెళ్ళండి.

ఎంతకాలం ఇలా? ఇంక మామూలైపోవాలంటున్నారు.

మోషే కోసం ఇశ్రాయేలీయులు 30 రోజులు ఏడ్చారు, యాకోబు కోసం ఐగుప్తీయులు 70 రోజులు ఏడ్చారు. అది అందరూ కలిసి ఏడ్చిన కాలం. ఒక్కొక్కరి గుండెలో దుఃఖానికి అలాంటి గడువు ఎక్కడా రాయలేదు. మూడో ఏట కూడా ఏదో ఒక పాటకి కళ్ళు తడుస్తాయి. చాలామందికి మెల్లగా ఊపిరాడే రోజులు పెరుగుతాయి, ఊపిరాడని రోజులు తగ్గుతాయి.

జ్ఞాపకార్థ కూడికకి ఊరంతటికీ భోజనం పెట్టాలట. అప్పు చెయ్యాల్సి వస్తోంది.

వద్దు. కూడిక దేవుణ్ణి స్తుతించడానికి, మిమ్మల్ని ఆదరించడానికి. టీ, బిస్కెట్ ఇచ్చినా అది కూడికే. "మా సంఘ పద్ధతి ఇంతే" అని పాస్టరు గారి చేత ముందే చెప్పించండి, మాట ఆయన మీదికి పోతుంది.

భర్త పోయి కొన్నేళ్ళయింది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ద్రోహమా?

కాదు. భర్త మరణించాక స్త్రీకి స్వేచ్ఛ ఉందని, ప్రభువునందు మాత్రమే పెళ్ళి చేసుకోవాలని 1 కొరింథీయులకు 7:39. చేసుకోకుండా ఉండటానికీ అంతే స్వేచ్ఛ ఉంది.

## ఆదరించడానికి వెళ్ళేవారికి

ఆ ఇంటికెళ్ళి ఏం మాట్లాడాలో తెలియట్లేదు.

యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచి పని, మొదటి ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చోవడం. నోరు తెరిచాకే చెడగొట్టారు. "ఏడ్చువారితో ఏడువుడి" అంది వాక్యం, వివరించమనలేదు. చనిపోయినవారి పేరు ఎత్తడానికి భయపడకండి. యొప్పేలో దొర్కా చనిపోతే విధవరాండ్రు ఆమె కుట్టిపెట్టిన అంగీలు పేతురుకి చూపిస్తూ ఏడ్చారు. మీరు కూడా "బాబాయిగారు మా పెళ్ళికి వంటల దగ్గర నిలబడి ఎంత కష్టపడ్డారో" అని గుర్తున్నది చెప్పండి. ఇంటివాళ్ళు దాని కోసమే ఎదురుచూస్తుంటారు.

అనకూడని మాటలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. "దేవుడికి మంచివాళ్ళే కావాలి." "నీ మంచికే జరిగింది." "మా వాళ్ళు ఇంకా ఘోరంగా పోయారు." "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను" అన్నది బిడ్డల్ని పోగొట్టుకున్న యోబు తన నోటితో అన్న మాట. ఆ మాట అనే అర్హత పోగొట్టుకున్నవాళ్ళది, చూడ్డానికి వచ్చినవాళ్ళది కాదు.

చిన్న పిల్లలకి ఎలా చెప్పాలి?

నిజం చెప్పాలి. "తాతయ్య నిద్రపోయాడు" అంటే పిల్లలు నిద్రకి భయపడతారు. "ఊరెళ్ళాడు" అంటే రోజూ గుమ్మం దగ్గర చూస్తారు. "తాతయ్య చనిపోయాడు, శరీరం ఇక పనిచెయ్యదు, యేసయ్య ఆయన్ని చూసుకుంటున్నాడు, మళ్ళీ ఒకరోజు కలుస్తాం" అని చెప్పండి. సమాధి దగ్గరికి వస్తానంటే తీసుకెళ్ళండి.

ప్రార్థన కాక ఇంకేం చెయ్యగలం?

చాలా ఉంది, ఎక్కువభాగం జనం వెళ్ళిపోయాకే. ఆసుపత్రిలో కాక ఇంట్లో పోతే 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించాలి, మరణ ధృవీకరణ పత్రానికి తోడు వెళ్ళండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్స్, వితంతు పింఛను దరఖాస్తు, వీటన్నిటికీ ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఒంటరిగా కౌంటరు ముందు నిలబడి భర్త పేరు పక్కన "లేటు" అని రాయాల్సి రావడం ఎంత కష్టమో చాలామంది అనుకోరు. బండి ఉన్న కుర్రాడు ఒకరు ఆ వారం ఆమె కోసం కేటాయించుకోవాలి. డబ్బు ఇవ్వాలనుకుంటే కవరులో పెట్టి, ఎవరూ లేనప్పుడు ఇవ్వండి. సంఘంలో పేరు చదివించకండి. ఇంకో పని: నాలుగో నెలలో ఒకసారి, ఏడో నెలలో ఒకసారి వెళ్ళాలని ఇప్పుడే మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. అప్పటికి ఆ ఇంటికి వచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు.